పది తర్వాత

ఆ ఆస్పత్రి క్యాజువాలిటీలో అందరూ ఆమెను వెనకాల 'పది మేడం' అంటారు. ముఖం మీద అనే గుండెధైర్యం ఒక్క చిట్టికే ఉంది. చిట్టి ఆమె అక్క కూతురు. చదువు పూర్తిచేసి అదే క్యాజువాలిటీలో డాక్టరుగా చేరి ఏడాది దాటింది. ఇంట్లో మాటా మాటా పెరిగితే "చాల్లే పది మేడం, నీ పెత్తనం ఆస్పత్రిలో చూపించు" అని అనేస్తుంది. ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఎవరికో ఒకరికి గుండె ఆగినప్పుడు ఆ గదిలో ఉండాలి.

ఆ ఉదయం తెచ్చింది ఒక దర్జీని. కిడ్నీలు పాడై చాలాకాలంగా డయాలసిస్ మీద బతుకుతున్న మనిషి. మిషను తొక్కుతున్నవాడు ఉన్నట్టుండి ఒరిగిపోయాడని భార్య చెబుతూండగానే మెడ దగ్గర నాడి అందకుండా పోయింది. చిట్టి స్టూలెక్కి ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. కొత్తగా చేరిన కళ్ళజోడు డాక్టరు స్కాన్ ప్రోబుకి జెల్ పూసి, రొమ్ము ఎముక కింద ఆనించి పట్టుకున్నాడు. పది మేడం మంచం కాళ్ళ దగ్గర నిలబడింది.

"ఆపు," అంది. చిట్టి చేతులెత్తింది. "ఒకటి... రెండు..."

అక్కడి పద్ధతి అది. నొక్కడం ఆపితే మెదడుకి రక్తం ఆగినట్టే. అందుకని ఆపేది పది లెక్కపెట్టేంతసేపే. ఆ పదిలోనే ఒకరు మెడ మీద నాడి చూడాలి, ప్రోబు పట్టినవాళ్ళు గుండె బొమ్మని మిషన్లో రికార్డు చెయ్యాలి. అందులో ఏముందో అప్పుడే చూస్తూ నిలబడకూడదు. పది కాగానే గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్క గొంతుతో "నొక్కు" అనాలి, నొక్కడం మళ్ళీ మొదలవ్వాలి. బొమ్మ సంగతి ఆ తర్వాత, నొక్కుతూ ఉండగా చూసుకోవచ్చు. పదిలోపు బొమ్మ దొరక్కపోతే దొరకలేదంతే, వచ్చే విడతలో చూసుకోవాలి.

కళ్ళజోడు డాక్టరు కళ్ళు స్క్రీనుకి అతుక్కుపోయాయి. ఆగిపోయిందనుకున్న గుండె తెర మీద సన్నగా కదులుతూ కనిపిస్తే ఎవరికైనా చూపు తిప్పుకోబుద్ధి కాదు. "తొమ్మిది, పది!" అందామె. అందరూ "నొక్కు!" అని అరిచారు. అతను "ఒక్క సెకను మేడం, ఏదో నల్లగా..." అంటూ ప్రోబు తియ్యలేదు. ఆమె అతని మణికట్టు మీద ఒక్కటిచ్చింది. ప్రోబు జారి మంచం పక్కన వేలాడింది, జెల్ అతని కళ్ళజోడు మీద చిందింది. చిట్టి అప్పటికే నొక్కుతోంది.

రికార్డు చూస్తే అతనన్నది నిజమే. గుండె చుట్టూ ఉండే పొరలో నీరు చేరి, నల్లటి మడుగులా నాలుగువైపులా కమ్ముకుని, గుండెను విచ్చుకోనివ్వకుండా పిండేస్తోంది. బయట నాడి అందకపోయినా లోపల గుండె ఓపిక మేరకు పెనుగులాడుతూనే ఉంది. ఆమె పొడుగు సూది అందుకుని, ప్రోబుతో దారి చూసుకుంటూ పొరలోకి గుచ్చి నీరు లాగింది. రెండో సిరంజి నిండుతుండగా, మెడ మీద వేలు ఉంచిన పెద్ద సిస్టరు, "తగుల్తోంది మేడం, తగుల్తోంది!" అంది. దర్జీ భార్యకి ఆ మాట చెప్పడానికి చిట్టి పరుగెత్తింది.

చేతులు కడుక్కునే చోట కళ్ళజోడు డాక్టరు గొణిగాడు. "ఒక్క సెకనే కదా మేడం. అంతమందిలో చెయ్యి చేసుకోవాలా?"

"ఆయన పడుకున్నది నువ్వు చూడ్డానికి కాదు నాయనా. ఇంకోసారి పది దాటావంటే నీ చేతికి ప్రోబివ్వను, చీపురిస్తాను."

అక్కడివాళ్ళు దీన్ని క్రమశిక్షణ అనుకుంటారు. క్రమశిక్షణా కాదు, గాడిదగుడ్డూ కాదు. అది పగ. పైకి తెల్లకోటు వేసుకుని తిరుగుతోంది గనక ఎవరూ గుర్తుపట్టలేదు.

అక్క ఆమెకి ఉత్త అక్క కాదు. తల్లి పోయాక జడలు వేసి, జ్వరమొస్తే పక్కన కూర్చుని, తన టీచరు జీతంతో మెడిసిన్ చదివించిన మనిషి. స్కూలు మెట్ల మీద జారి కాలు విరిగితే కట్టు కట్టారు. ఇక కట్టు విప్పుతారనగా ఒక రోజు ఇంట్లో ఊపిరాడక కుప్పకూలింది. కదలని కాలిలో నెత్తురు గడ్డకట్టి పైకి పాకింది. చెల్లెలు అప్పటికి మెడిసిన్ విద్యార్థిని. అక్కతో పాటు అంబులెన్సులో వచ్చి, వేరే ఆస్పత్రిలో ఇలాంటి గదిలోనే, పచ్చ కర్టెనుకి ఇవతల నిలబడింది.

అవతలి నుంచి ఒక మగ గొంతు "ఆహా!" అంది. "ఎవరూ ముట్టుకోకండి. ఇటు రండి, అందరూ చూడండి. ఇలాంటిది మళ్ళీ జన్మలో చూడరు."

ఆ గొంతులోని సంబరం విని, అక్క బతికిందనుకుంది ఆ పిచ్చిది. కర్టెను పట్టుకుని ఏడుస్తూ నవ్వింది కూడా. కాసేపటికి ఆ గొంతు మనిషే బయటికొచ్చి, భుజం మీద చెయ్యి వేసి, చెయ్యగలిగిందంతా చేశామమ్మా అన్నాడు. చిట్టికి అప్పుడు పాలపళ్ళు ఊడుతున్నాయి. బావది ఊళ్ళు పట్టుకు తిరిగే ఉద్యోగం. పిల్ల పిన్ని చంకెక్కింది, మళ్ళీ దిగలేదు. "అమ్మకి ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారమ్మా" అని పిన్ని చెప్పిన మాటని పట్టుకునే పెరిగి పెద్దదయింది.

పిన్ని కూడా చాలా ఏళ్ళు ఆ మాటే నమ్మింది. ఆ గొంతు మనిషి తర్వాత తర్వాత చాలా పెద్దవాడయ్యాడు. స్కాన్ మిషన్ని రోగి మంచం పక్కకే తెచ్చి, గుండె ఆగినవాళ్ళనీ బీపీ పడిపోయినవాళ్ళనీ అక్కడికక్కడే చూడటం క్యాజువాలిటీలకి నేర్పింది ఆయనే. ఇవాళ ప్రోబు పట్టిన ప్రతి డాక్టరూ ఆయన్ని గురువుగారనే పిలుస్తాడు. మూడేళ్ళ కిందట ఒక సదస్సులో ఆయన క్లాసుకి ఆమె కూడా వెళ్ళింది, గౌరవంగానే కూర్చుంది. క్లాసు చివర ఆయన తన దగ్గరున్న ఒక అపురూపమైన స్కాన్ బొమ్మ తెర మీద వేశాడు. దాన్ని ఎవరికీ ఇవ్వడట, తన చేత్తో తనే వేస్తాడట.

"ఒక స్కూలు టీచరు. కాలికి కట్టు. బయట చెల్లెలు నిలబడి ఉంది," అని మొదలుపెట్టాడు.

తెర మీద గుండె కనిపించింది. కుడివైపు పైగదిలో పొడుగాటి గడ్డ ఒకటి మెలికలు తిరుగుతూ, కవాటం దాటి, కింది గదిలో సుడులు తిరిగి, చివరికి ఊపిరితిత్తుల దారిలోకి జారిపోయింది. మొదటినుంచి చివరిదాకా ఆ ప్రయాణం మొత్తం దొరికిన బొమ్మ తనకి తెలిసి ఇంకెక్కడా లేదన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. అక్క గుండెకి చప్పట్లు!

ఆమె గడ్డని చూడలేదు. బొమ్మ అంత నిలకడగా ఉందేమిటా అని చూసింది. ఛాతీ నొక్కుతూ ఉంటే బొమ్మ ఎగిరెగిరి పడాలి. ఇది కదలకుండా కూర్చుంది. అంటే ఎవరూ నొక్కట్లేదు. మొదట్లో గుండె గోడలు నీరసంగానే అయినా కదులుతున్నాయి. చివరికొచ్చేసరికి కదలడం లేదు. రోగి పేరు మీద నల్లపట్టీ వేసిన గురువుగారికి మూలనున్న చిన్న గడియారాన్ని కప్పాలని తోచలేదు, అది సెకన్లు చూపిస్తూనే ఉంది. పాఠాల్లో చిన్న చిన్న బొమ్మలు వేసిందే వేసినట్టు తిరిగి తిరిగి ఆడటం అందరికీ అలవాటు. ఇదీ అలాగే ఆడుతోందనుకున్నారు. కానీ అది ఒకే ఒక్కసారి ఆడే పొడుగు బొమ్మ. గడ్డ అందం చూస్తూ, చేతులు కట్టుకుని, ఒక మనిషి ప్రాణం పోవడాన్ని ఆసాంతం రికార్డు చేసుకున్నారు. అన్నేళ్ళుగా ఊరూరా చూపిస్తున్నా కనిపెట్టినవాడు లేడు.

నొక్కుతూ, గడ్డ కరిగించే మందు ఎక్కించి ఉంటే అక్క బతికేదని ఆమె కూడా ఒట్టేసి చెప్పలేదు. బతికే అవకాశం ఒకటి ఉండింది. దాన్ని ఆయన వేడుక చూస్తూ నీళ్ళపాలు చేశాడు. అంతవరకు ఆమె ఎవరి మీద ఒట్టయినా వేస్తుంది.

ఫిర్యాదు చెయ్యొచ్చు. తలుపులు వేసుకుని నలుగురు పెద్దమనుషులు కూర్చుని, అప్పటి పద్ధతులు వేరమ్మా అని చల్లగా తేల్చేస్తారు. ఆమెకి కావలసింది అది కాదు. ఆయనకి చప్పట్లు కొట్టే హాలులోనే, ఆయన బొమ్మతోనే, పదిమంది నోటితో ఆయన తల దించాలి. పగబట్టిన మనిషికి ఎక్కడలేని ఓపికా వస్తుంది. తన క్యాజువాలిటీలో ఆయాల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరికీ, ఒకటి అని వినిపిస్తే చాలు నోరు దానంతటదే పదిదాకా వెళ్ళిపోయేలా లెక్క నూరిపోసింది. సూపరింటెండెంటు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, గురువుగారిని ఒక శనివారం మధ్యాహ్నం తమ ఆస్పత్రికి క్లాసు చెప్పడానికి పిలిపించింది.

అంతా అనుకున్నట్టే జరిగేది, మధ్యలో చిట్టి లేకపోతే.

"పిన్నీ, నీకో మాట చెప్పాలి. ముందు ఆ కత్తి కింద పెట్టు," అంది చిట్టి, దర్జీ లేచి కూర్చున్న రోజు సాయంత్రం, వంటింట్లో.

ఉల్లిపాయ తరుగుతున్న ఆమె కత్తి కింద పెట్టలేదు. "చెప్పు."

"గురువుగారి దగ్గర ఏడాది ట్రైనింగుకి అప్లై చేశాను. శనివారం క్లాసయ్యాక నాతో మాట్లాడతానన్నారు. ఆయన దగ్గర సీటంటే మాటలా పిన్నీ? ఈ ఊళ్ళో ఎవరికీ రాలేదు."

"శనివారం మధ్యాహ్నం నీకు డ్యూటీ వేశాను."

"చూశాను. తీసెయ్."

"తియ్యను. వచ్చే పోయేవాళ్ళని ఎవరు చూస్తారు, నీ గురువుగారొచ్చి చూస్తాడా?"

"నీకేమైంది? ఆయన పేరెత్తితే చాలు మొహం మాడ్చుకుంటావు. నిన్నేం చేశాడాయన?"

మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదని ఆమెకి తెలుసు. చెబితే చిట్టి తట్టుకోలేదని ఒక భయం. చెబితే చిట్టి వద్దంటుందేమోనని ఇంకో భయం. నిజం చెప్పాలంటే రెండోదే పెద్దది. ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకు కాచుకున్న పగని ఇరవైల్లో ఉన్న పిల్ల ఒక్క మాటతో వద్దనేస్తే ఏం చెయ్యాలి?

"ఆయన దగ్గర చేరకు. నీ మంచికే చెప్తున్నాను."

"కారణం చెప్పు."

"పెద్దదాన్ని చెప్తున్నాను, చాలదా?"

"చాలదు, పది మేడం," అని చిట్టి గదిలోకి పోయి తలుపు ధడాలున వేసుకుంది.

ఆమె తరిగిన ముక్కల్నే మళ్ళీ తరుగుతూ నిలబడింది. శనివారం చిట్టి కింద క్యాజువాలిటీలో ఉంటుంది, పైన హాల్లో తన పని తను కానిచ్చుకుంటుంది. తర్వాత మెల్లగా, పక్కన కూర్చోబెట్టుకుని, ఎంత చెప్పాలో అంతే చెబుతుంది. పగా తీరుతుంది, పిల్లా దక్కుతుంది. అలా తనకి తనే నచ్చజెప్పుకుని పొయ్యి వెలిగించింది.

శనివారం గురువుగారు తన సంచి తనే మోసుకుంటూ వచ్చాడు. పొగరుబోతు మనిషి వస్తాడని ఆమె సిద్ధపడి ఉంది. తీరా వచ్చింది నెరిసిన జుట్టుతో మెత్తగా నవ్వే ముసలాయన. కరెంటు వైరు అందకపోతే తనే మోకాళ్ళ మీద వంగి బల్ల కిందనుంచి లాగాడు. మంచినీళ్ళిచ్చిన ఆయాకి చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. ఈ మంచితనం చూసి ఆమెకి కడుపు ఇంకా మండింది. ఇంత మంచివాడికి ఆ రోజు ఏం పొయ్యేకాలమొచ్చింది?

"మిమ్మల్ని ఎక్కడో చూశానమ్మా," అన్నాడు.

"చూసే ఉంటారు సార్," అందామె.

పాఠం మాత్రం బంగారంలా చెప్పాడు. బీపీ పడిపోయి చల్లబడుతున్న మనిషి లోపల గుండె ఖాళీగా ఉందా, నిండుగా ఉండీ అలిసిపోయిందా, చుట్టూ నీరు పిండుతోందా, గడ్డ అడ్డం పడిందా, ఇవి చెయ్యి పట్టుకుని చూస్తే తెలియవని, ప్రోబు పెడితే తెలుస్తాయని, ఒక్కోదానికీ మందు వేరని, ఒకదాని మందు ఇంకోదానికి విషమని వేళ్ళ మీద విడమరిచాడు. హాలు నిండిపోయింది. పెద్ద సిస్టరు గోడకి ఆనుకుని నిలబడే విన్నది. పది మేడం వెనక వరసలో కూర్చుని, ఆయన చెప్పిన ప్రతి ముక్కా నిజమేనని తనలో తను ఒప్పుకుంటూ, పళ్ళు నూరుకుంటూ ఆఖరి బొమ్మ కోసం ఎదురు చూసింది.

"ఇప్పుడొక అపురూపమైనది చూపిస్తాను," అన్నాడు గురువుగారు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని చిట్టి వచ్చింది. కళ్ళజోడు డాక్టరుకి మణికట్టు ఇంకా మండుతోంది కాబోలు, డ్యూటీ మార్చుకుంటావా అని అడగ్గానే ఒప్పేసుకున్నాడు. చిట్టి నడవలోంచి నడిచి, వెనక్కి తిరిగి, పిన్నికి కనపడేలా గడ్డం పైకెత్తి, ముందు వరసలో కూర్చుంది.

"ఒక స్కూలు టీచరు. ముప్పై దాటి ఉంటాయి. కాలికి కట్టు," అన్నాడాయన.

చిట్టి వీపు బిగిసింది.

"చెల్లెలు తీసుకొచ్చింది. పాపం, బయటే నిలబడి ఉంది. ఆ అమ్మాయికి నేనే వెళ్ళి చెప్పాను."

చిట్టి మెల్లగా వెనక్కి తిరిగి పిన్ని వంక చూసింది. అనుమానం ఇంకా పూర్తిగా నమ్మకం కాలేదు. ఇప్పటికైనా లేవొచ్చు. ఒంట్లో బాగాలేదని పడిపోవచ్చు, వైరు కాలితో తన్నెయ్యొచ్చు, చిట్టిని రెక్క పుచ్చుకుని బయటికి లాక్కుపోవచ్చు. వాటిలో ఏది చేసినా చాలు, పిల్లకి ఈ దెబ్బ తప్పుతుంది. ఆమెకి తెలుసు. తెలిసీ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కదలకుండా కూర్చుంది. ఇంతదాకా వచ్చాక వదలడం తన వల్ల కాలేదు.

తెర మీద అక్క గుండె కదిలింది.

"ఒకటి," అందామె గట్టిగా.

అలవాటుపడ్డ ప్రాణాలు. "రెండు" అని ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. "మూడు" అనేసరికి హాలంతా కలిసింది. గురువుగారు ముచ్చటపడి నవ్వాడు. "మీ ఆస్పత్రి సంగతి విన్నాను, మంచి అలవాటు," అన్నాడు. గడ్డ కవాటం దగ్గర మెలిక తిరిగింది. తొమ్మిది, పది. "నొక్కు!" అని హాలు దద్దరిల్లింది, వెనకే నవ్వులు రేగాయి.

తెర మీద ఎవరూ నొక్కలేదు.

"పదకొండు," అంది పది మేడం. "పన్నెండు."

కొందరు సరదాగా కలిశారు. పద్నాలుగు దగ్గర నవ్వులు ఆగాయి. పదహారు దగ్గర పెద్ద సిస్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అది లూప్ అమ్మా," అన్నాడు గురువుగారు ఓపిగ్గా. "ఉన్న ముక్కే తిరుగుతూ ఉంటుంది."

"కాదు సార్. మూలన గడియారం చూడండి. పంతొమ్మిది."

ఆయన తెర వైపు తిరిగాడు. వేలసార్లు చూసిన బొమ్మలో మొదటిసారి ఆ మూలకి చూశాడు. ఆయన మెడ వెనక నరం బిగుసుకోవడం ఆమెకి వెనక వరసలోంచి కూడా కనిపించింది. ఈ క్షణం కోసమే బతికింది. ఎంత తియ్యగా ఉంటుందనుకుందో అంత తియ్యగానూ ఉంది. ఆ తియ్యదనం గొంతులో ఉండగానే, "ఇరవై" అనబోయి, ఆ మాట ముందు వరసలోంచి రావడం విన్నది.

"ఇరవై," అంటోంది చిట్టి. లేచి నిలబడింది. "ఇరవై ఒకటి."

హాల్లో ఆ ఒక్క గొంతే మిగిలింది. గురువుగారి చెయ్యి ల్యాప్‌టాప్ మీదకి వెళ్ళింది.

"ఇరవై మూడు. ఆపకండి సార్. ఇరవై నాలుగు."

ఆయన చెయ్యి ఆగింది. తెర మీద గడ్డ కింది గదిలో తిరుగుతోంది. ఇప్పుడు హాల్లో దాన్ని చూస్తున్నవాళ్ళు లేరు. అందరూ గుండె గోడల్ని చూస్తున్నారు. అవి కదలడం తగ్గి, ఒకసారి కదిలి, చాలాసేపు ఊరుకుని, మళ్ళీ ఒకసారి కదిలాయి. ముప్పై దగ్గర అదీ లేదు. గడ్డ ఊపిరితిత్తుల దారిలోకి జారిపోయే చోట ఎప్పుడూ చప్పట్లు పడతాయి. చిట్టి చివరి అంకె చెప్పి ఆగింది. తెర నల్లబడింది.

గురువుగారు బల్ల అంచు పట్టుకున్నాడు. "అప్పట్లో ఈ పది అనేది..." అని మొదలుపెట్టి, తనకే రుచించక ఆపేశాడు. "నేను గడ్డనే చూశాను," అన్నాడు. "ఇన్నేళ్ళూ గడ్డనే చూశానమ్మా."

పది మేడం లేచింది. ఇన్నాళ్ళూ అద్దం ముందు చెప్పుకున్న మాట ఒకటుంది. ఆవిడ మా అక్క సార్, బయట నిలబడ్డ చెల్లెల్ని నేనే. అది అనేసి, ఆయన మొహం చూసి, తలెత్తుకుని బయటికి నడవాలని. ఆ మాటకి ఊపిరి తీసుకునేలోపే చిట్టి అనేసింది.

"ఆవిడ మా అమ్మ."

గురువుగారు కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు. కానీ చిట్టి అప్పుడు ఆయన్ని చూడటం లేదు.

"నీకెప్పట్నించి తెలుసు పిన్నీ?"

హాలంతా పది మేడం వైపు తిరిగింది. అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. "మూడేళ్ళు."

"ఎవరూ ఏం చెయ్యలేకపోయారని చెప్పావు."

"అప్పటికి నాకూ తెలీదు చిట్టీ..."

"తెలిశాక చెప్పావా? మూడేళ్ళు నా పక్కన కూర్చుని అన్నం తిన్నావు. మా అమ్మని నాకు చూపించాలనిపించలేదు. వీళ్ళందరికీ చూపించాలనిపించింది." గొంతు పెంచలేదు, పెంచినా బాగుండేది. "పది అనేది నాతో కూడా అనిపించావు."

పగ తీరాక ఏం మిగులుతుందో పది మేడం ఎన్నోసార్లు ఊహించుకుంది గానీ ఇది అందులో లేదు.

చిట్టి ముందుకి నడిచి తెర పక్కన నిలబడింది. "మళ్ళీ వెయ్యండి సార్. మొదటినుంచి. అమ్మ గుండె కొట్టుకుంటున్నంతవరకే. అక్కడ ఆపండి."

"అమ్మా, వద్దు," అన్నాడు గురువుగారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఈ బొమ్మ నీకిచ్చేస్తాను. ఇంకెప్పుడూ ఎక్కడా వెయ్యను. నన్ను మాత్రం వెయ్యమనకు."

"ఇన్నేళ్ళూ మీ చేత్తో మీరే వేశారు కదా. వెయ్యండి."

ఆయన వేశాడు. ఒకసారి తప్పు మీట నొక్కి, మళ్ళీ వేశాడు. చీకటిగా ఉన్న తెర మీద బూడిదరంగు గుండె ముడుచుకుని, విచ్చుకుని, ముడుచుకుంది. చిట్టికి అమ్మ మొహం సరిగ్గా గుర్తులేదు. నవ్వు ఎలా ఉండేదో పిన్ని చెబితేనే తెలుసు. ఇప్పుడు అమ్మ గుండెకి జానెడు దూరంలో మొహం పెట్టి, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. మూలన గడియారం పది దాకా రాగానే ఆయన ఆపాడు. ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

"మళ్ళీ," అంది చిట్టి.

ఆయన మళ్ళీ వేశాడు. ఈసారి ఆయన భుజాలు కదులుతూండటం అందరికీ కనిపించింది. ముసలాయనని చూసి పెద్ద సిస్టరు, "పోనీలే తల్లీ," అని మెల్లగా అంది. చిట్టి విననట్టే ఉండిపోయింది. హాల్లోంచి ఒక్కరూ లేవలేదు.

పది మేడం నడవలోంచి నడిచి ముందుకొచ్చింది. చిట్టి వెనక నిలబడి, చిన్నప్పుడు దగ్గరికి తీసుకున్నట్టే, భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. ఆ బొమ్మని ఇద్దరూ కలిసి చూడాలనీ, తనకీ ఆవిడ తల్లిలాంటిదేననీ చెప్పాలనుకుంది.

చిట్టి భుజం తప్పించుకుంది. తెర మీదనుంచి కళ్ళు తిప్పలేదు.

"నువ్వు చూశావుగా పిన్నీ. వెళ్ళి కూర్చో."

ఆమె వెళ్ళి కూర్చుంది.

"మళ్ళీ," అంది చిట్టి.